ఎడమచేతి బంతి, ఒంటిచేతి ముడి

(స్వర్ణోత్సవ సభలో మన బడి పూర్వ వ్యాయామోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతో కలిసి ఈ బడిలో పనిచేసిన మాస్టార్లకు, టీచరమ్మలకు, ఎక్కడెక్కడి నుంచో సెలవులు పెట్టుకుని వచ్చిన నా పిల్లలందరికీ నమస్కారం.

పిల్లలు అంటే నవ్వుతున్నారు. మీలో కొందరికి జుట్టు నెరిసింది, కొందరికి నెరవడానికి జుట్టే మిగల్లేదు. మనవల్ని ఎత్తుకొచ్చిన వాళ్ళూ ఉన్నారు. అయినా నాకు మీరు పిల్లలే. ఈ గ్రౌండులో మిమ్మల్ని వరసగా నిలబెట్టి, ఎత్తు చూసి ముందుకీ వెనక్కీ జరిపినవాణ్ణి నేనే గదా.

నాకు మైకు అలవాటు లేదు. 1979లో ఈ బడికి డ్రిల్ మాస్టారుగా వచ్చాను, 2010లో రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ విజిల్‌తోనే పని నడిచింది. సంఘం వాళ్ళు ఫోన్ చేసి, ‘ఆటల గురించి ఓ పావుగంట మాట్లాడండి మాస్టారూ’ అన్నారు. కబడ్డీ గురించో, మనం జోనల్స్‌లో గెలిచిన బాల్ బ్యాడ్మింటన్ కప్పు గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను చెప్పబోయేది ఈ గ్రౌండులో ఎవ్వరూ ఆడని ఆట గురించి. నేను ఎప్పుడూ ఆడించని ఆట. బేస్‌బాల్. అందులో ఒక ఎడమచేతి పిచర్ గురించి. ఎందుకో చివర్లో చెబుతాను. నన్ను కాస్త ఓపిక పట్టండి. మీరు అల్లరి చేసినప్పుడు నేను పట్టలేదు, ఆ సంగతి నాకు గుర్తుంది.

మూడేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. వాడు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన కార్ల కంపెనీలో ఇంజనీరు. మా మనవడిది ఎడమచేతి వాటం. మన ఇళ్ళల్లో సంగతి మీకు తెలుసు. ఎడమ చేత్తో ఇస్తే పుచ్చుకోం, ఎడమ చేత్తో అన్నం ముట్టుకుంటే ఊరుకోం. నేనూ అంతే. కంచం దగ్గర వాణ్ణి రోజూ, ‘కుడి చెయ్యి నాయనా, కుడి చెయ్యి’ అంటుండేవాణ్ణి. ఓ శనివారం వాళ్ళ బేస్‌బాల్ ప్రాక్టీసుకి వెళితే అక్కడి కోచ్ మా వాడి ఎడమ చెయ్యి చూసి, లంకెబిందె దొరికినట్టు సంబరపడ్డాడు. ఎడమచేత్తో బంతి విసిరే పిల్లవాడు దొరకడం ఆ ఆటలో అదృష్టమట.

ఎందుకో మీకు క్రికెట్ భాషలో చెబుతాను. మనకు బౌలర్ ఎలాగో అక్కడ పిచర్ అలాగ. కాకపోతే బంతిని నేల మీద పడనివ్వడు, నేరుగా విసురుతాడు. మన పిచ్ 66 అడుగులైతే, వాళ్ళకి పిచర్‌కీ బ్యాటర్ పక్కన ఉండే ప్లేటుకీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. ఎడమచేతి బ్యాటర్‌కి ఎడమచేతి పిచర్ విసిరిన బంతి తన భుజం వెనకనుంచి వస్తున్నట్టు ఉంటుంది, కొట్టడం కష్టం. పైగా ఎడమచేతి పిచర్ బంతి విసరబోయే ముందు ఫస్ట్ బేస్ వైపు ముఖం పెట్టి నిలబడతాడు. అక్కడినుంచి దొంగతనంగా పరిగెత్తుదామనుకునేవాడు కళ్ళెదుటే ఉంటాడు. అందుకే వాళ్ళకంత గిరాకీ.

ఇంకో సంగతి. ఆ ఆటలో ఫీల్డింగ్ చేసే ప్రతివాడికీ ఒక చేతికి పెద్ద తోలు గ్లౌజు ఉంటుంది. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి, పట్టే చేతికి గ్లౌజు ఉండాలి. అంటే రెండు చేతులూ కావలసిన ఆట. పిచర్‌కి ఇంకా ఎక్కువ. బంతి విసిరిన మరుక్షణం బ్యాటర్ కొట్టిన బంతి సూటిగా అతని ముఖం మీదికే రావచ్చు. ఆ లోపల గ్లౌజు సిద్ధంగా ఉండకపోతే పళ్ళు రాలతాయి.

ఇది విన్నాక ఆ కోచ్ మా మనవడికి ఒక మాట చెప్పాడు. ‘ఇక్కడికి గంట దూరంలో ఫ్లింట్ అని ఒక ఊరుంది. అక్కడి కుర్రాడొకడు ఎడమ చేత్తో పిచింగ్ చేసి న్యూయార్క్ యాంకీస్ దాకా వెళ్ళాడు. అతనికి పుట్టుకతోనే కుడి చెయ్యి లేదు’ అన్నాడు.

కుడి చెయ్యి లేదా? మరి గ్లౌజు ఎక్కడ పెట్టుకున్నాడు? ముప్ఫై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా పనిచేసిన నాకు ముందు వచ్చిన ప్రశ్న అదే. జవాబు మా మనవడు లైబ్రరీ నుంచి తెచ్చిపెట్టాడు. ఆ ఆటగాడి పేరు జిమ్ అబాట్. 2012లో తన జీవితం గురించి ‘ఇంపర్‌ఫెక్ట్’ అనే పుస్తకం రాశాడు.

అబాట్ 1967 సెప్టెంబర్ 19న ఫ్లింట్‌లో పుట్టాడు. జనరల్ మోటార్స్ కంపెనీ పుట్టిన ఊరు అది. తల్లిదండ్రులిద్దరికీ అప్పటికి పద్దెనిమిదేళ్ళు. వాళ్ళే పిల్లలు. పుట్టిన బిడ్డకి కుడి ముంజేయి చివర అరచెయ్యి లేదు. చిన్నప్పుడు ఇనప కొక్కెం ఉన్న కృత్రిమ చెయ్యి పెట్టించారు. తోటి పిల్లలు దాన్ని చూసి బెదిరేవాళ్ళు, వెక్కిరించేవాళ్ళు. బడిలో చేరిన కొత్తల్లోనే దాన్ని తీసి పక్కన పడేశాడు. ఉన్న చేత్తోనే బతుకుతానన్నాడు.

గ్లౌజు సంగతి తండ్రీ కొడుకులు పెరట్లో కూర్చుని తేల్చుకున్నారు. బంతి విసిరేటప్పుడు గ్లౌజుని కుడి ముంజేయి చివర బోర్లించి ఉంచుతాడు. బంతి ఎడమ చెయ్యి వదిలిన వెంటనే ఆ చెయ్యి గ్లౌజులోకి దూరిపోతుంది. ఇప్పుడు బంతి పట్టడానికి సిద్ధం. పట్టాక గ్లౌజుని కుడి చంకలో ఇరికించి, ఎడమ చెయ్యి బయటికి లాగి, గ్లౌజులోంచి బంతి తీసి మళ్ళీ విసరాలి. నేను చెప్పడానికి అర నిమిషం పట్టింది. అతను రెప్పపాటులో చేసేవాడు. వీడియోలో మెల్లిగా తిప్పి చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

అది ఒక్కరోజులో వచ్చింది కాదు. ఇంటి దగ్గర ఇటుక గోడకి బంతి కొట్టి, అది తిరిగొచ్చే లోపల గ్లౌజు మార్చేవాడు. రాగా రాగా గోడకి దగ్గరగా జరిగేవాడు. దగ్గరైన కొద్దీ బంతి తొందరగా వస్తుంది, చెయ్యి తొందరగా మారాలి. గంటల తరబడి అదే పని. మనవాళ్ళు సాధన అంటారే, అది ఆ గోడ దగ్గర జరిగింది.

హైస్కూలుకి వచ్చాక ఎదుటి జట్లు అతన్ని పరీక్షించాయి. బేస్‌బాల్‌లో ‘బంట్’ అని ఒకటుంది. బ్యాటుని ఊపకుండా బంతికి ఆనించి పిచర్ ముందు మెల్లిగా పడేయడం. పిచర్ పరుగెత్తి తీసి విసరాలి. ఒంటిచేతివాడికి ఇది చేతకాదులే అని వరసబెట్టి బంట్లు కొట్టేవాళ్ళు. అతను వరసబెట్టి అవుట్ చేసేవాడు. నాలుగైదు అయ్యాక వాళ్ళే మానుకునేవాళ్ళు. ఫ్లింట్ సెంట్రల్ హైస్కూల్లో అతను పిచర్ మాత్రమే కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ కూడా. జట్టుని నడిపించే స్థానం అది.

1985లో టొరంటో జట్టు తీసుకుంటానంటే వద్దని మిషిగన్ యూనివర్సిటీలో చేరాడు. 1987లో క్యూబా వెళ్ళి, క్యూబా జట్టుని వాళ్ళ గడ్డ మీదే ఓడించాడు. పాతికేళ్ళలో ఏ అమెరికన్ పిచర్‌కీ అది సాధ్యం కాలేదు. అదే ఏడాది ఇండియానాపోలిస్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచాడు. అమెరికాలో ఉత్తమ ఔత్సాహిక క్రీడాకారుడికిచ్చే సల్లివన్ అవార్డు అందుకున్న మొదటి బేస్‌బాల్ ఆటగాడు అతనే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్‌ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. జపాన్‌తో ఫైనల్లో మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తనే విసిరి 5-3తో గెలిపించాడు.

ఆ ఏడాదే కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టు మొదటి రౌండులోనే తీసుకుంది. ఎంత గొప్ప ఆటగాడైనా ముందు కింది స్థాయి లీగుల్లో రెండు మూడేళ్ళు నలిగి పైకి రావాలి. అబాట్ 1989 ఏప్రిల్‌లో నేరుగా పెద్ద లీగులోనే దిగాడు. మొదటి మ్యాచ్ ఓడిపోయాడు. అయినా ఏడాది తిరిగేసరికి 12 గెలిచి 12 ఓడాడు. అక్కడ మ్యాచ్ గెలుపోటములు పిచర్ పేరు మీద రాస్తారు. 1991లో 18 గెలిచి 11 ఓడాడు. ఆ ఏడు అమెరికన్ లీగులో ఉత్తమ పిచర్ ఓటింగులో మూడో స్థానం.

మరుసటి ఏడు, 1992లో చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.77 పరుగులే ఇచ్చాడు. అది ముందు ఏడాది కన్నా మెరుగు. కానీ 7 గెలిచి 15 ఓడాడు. ఎందుకంటే అతను బాగా విసిరిన రోజున జట్టువాళ్ళు పరుగులు చెయ్యలేదు. పిల్లవాడు చక్కగా చదివినా ప్రోగ్రెస్ కార్డులో ఎర్రగీత పడ్డట్టు. మాస్టార్లందరికీ నేను మనవి చేసేదేమంటే, కార్డు చూసేటప్పుడు ఈ 1992ని గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది చివర్లో అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి మార్చేశారు. 1993 ఆగస్టు చివర్లో క్లీవ్‌లాండ్ జట్టు మీద ఆడితే నాలుగు ఇన్నింగ్స్ కూడా నిలవలేదు. ఏడు పరుగులు సమర్పించుకుని బయటికొచ్చాడు. ఆ కోపంలో స్టేడియం వదిలేసి క్లీవ్‌లాండ్ వీధుల్లో పరుగు తీశాడట. మళ్ళీ వారం తిరక్కుండానే, సెప్టెంబర్ 4 శనివారం, న్యూయార్క్‌లో అదే జట్టు మీద విసరాల్సి వచ్చింది.

ఆ రోజు తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక్కడు కూడా అతని బంతిని కొట్టి బేస్ చేరలేదు. దాన్ని ‘నో-హిట్టర్’ అంటారు. గొప్ప గొప్ప పిచర్లకి కూడా జీవితంలో ఒక్కసారి దొరకడం కష్టం. అలాగని అంతా అతనొక్కడే చెయ్యలేదు. గురి తప్పి ఐదుగురిని ఊరికే నడిపించాడు కూడా. ఏడో ఇన్నింగ్స్‌లో ఆల్బర్ట్ బెల్ గట్టిగా కొట్టిన బంతిని వేడ్ బాగ్స్ నేల మీదికి దూకి ఆపాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లో కెన్నీ లాఫ్టన్ ఏం చేశాడో తెలుసా? బంట్ చెయ్యబోయాడు. ఆ హైస్కూలు పిల్లల ఉపాయమే! జనమంతా కేకలేసి తిట్టారు. ఆ బంతి గీత బయటికి పోయింది. తర్వాత లాఫ్టన్ అవుట్. మరొకడు అవుట్. చివరికి కార్లోస్ బయేర్గా కొట్టిన బంతిని షార్ట్‌స్టాప్ రాండీ వెలార్డే పట్టి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. 4-0.

ఒంటి చేత్తో చప్పట్లు మోగవని మన సామెత. అతను ఒంటిచేత్తో స్టేడియం అంతటి చేతా చప్పట్లు కొట్టించాడు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేస్తారు. మా మనవడు కూడా పుస్తకం ఇక్కడే మూసెయ్యబోయాడు. నేను వద్దన్నాను. తర్వాత జరిగింది కూడా చదవాలన్నాను.

1996లో అతను ఏంజెల్స్‌లో ఉన్నాడు. ఆ ఏడు 2 గెలిచి 18 ఓడాడు. బంతిలో వేగం తగ్గిపోయింది. ఎన్నడూ చూడని కింది లీగుకి మధ్యలో పంపారు. తర్వాత జట్టులోంచే తీసేశారు. 1997 అంతా ఆడలేదు. 1998లో మళ్ళీ మొదలెట్టాడు. కింది స్థాయి లీగులో కుర్రాళ్ళ పక్కన నిలబడి, మెట్టు మెట్టుగా పైకొచ్చి, సెప్టెంబర్లో చికాగో వైట్ సాక్స్ తరఫున ఐదు మ్యాచ్‌లు గెలిచాడు. ఒక్కటీ ఓడలేదు. 1999లో మిల్వాకీ జట్టులో చేరాడు. అప్పట్లో ఆ లీగులో పిచర్ కూడా బ్యాటింగ్ చెయ్యాల్సి ఉండేది. ఒంటిచేత్తో బ్యాటు తిప్పి రెండుసార్లు హిట్లు కొట్టాడు. కానీ బంతి విసరడంలో 2 గెలిచి 8 ఓడాడు. ఆ వేసవిలోనే ఆట ముగిసింది.

మొత్తం లెక్క 87 గెలుపులు, 108 ఓటములు. మన లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, శాతం అడిగితే సగం కూడా రాలేదంటారు. నిజమే. మరి ఆ కోచ్ అతని పేరు ఎందుకు చెప్పాడు?

అతను ఏ ఊరికి ఆడడానికి వెళ్ళినా చెయ్యి లేని పిల్లల్ని, వేళ్ళు లేని పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. ఏంజెల్స్ జట్టులో టిమ్ మీడ్ అనే ఉద్యోగి ఆ పిల్లల్ని ఒక్కొక్కరినీ లోపలికి తీసుకెళ్ళేవాడు. కెమెరాలు లేకుండా, పేపరువాళ్ళు లేకుండా అబాట్ వాళ్ళతో కూర్చుని మాట్లాడేవాడు. ఓడిన రోజుల్లో కూడా. ఉత్తరాలకి జవాబులు రాసేవాడు. వాళ్ళకి అతను ఏమీ బోధించక్కర్లేదు. అతను బూటు లేసు కట్టుకుంటుంటే చూస్తే చాలు.

ఆ లేసు దగ్గరే నేను ఆగిపోయాను. నేను ఇక్కడ నిలబడడానికి కారణం కూడా ఆ లేసే.

అబాట్ చిన్నప్పుడు బడిలో ఉండగా డాన్ క్లార్క్‌సన్ అనే మాస్టారు ఉండేవారు. ఈ పిల్లవాడు బూటు లేసు కట్టుకోలేకపోతున్నాడని ఆయన చూశారు. ఊడిన ప్రతిసారీ ఎవరో ఒకరు కట్టాలి. ఆయన ఇంటికి వెళ్ళి, ఒక చెయ్యి పిడికిలి బిగించి పెట్టుకుని, రెండో చేత్తో లేసు కట్టడం అభ్యాసం చేశారు. సాయంత్రాలు కూర్చుని కూర్చుని ఒక దారి కనిపెట్టారు. ఒకరోజు పిల్లవాణ్ణి క్లాసులోంచి వరండాలోకి పిలిచి, నలుగురి ముందూ కాకుండా, అలా కట్టడం చూపించారు. అంతే. ఆయన చేసింది అంతే. జాలి చూపలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ముడి నేర్పారు. క్యూబాని ఓడించాడు, సియోల్‌లో గెలిచాడు, యాంకీ స్టేడియంలో నో-హిట్టర్ వేశాడు. ఆ రోజుల్లో కాళ్ళకున్న బూట్ల లేసులు ఎవరు కట్టారనుకున్నారు?

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1984లో ఈ బడిలో ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. ఇక్కడే ఉన్నారు, ఆయన అనుమతి అడిగే ఇది చెబుతున్నాను. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. మొదటి రోజు గ్రౌండులోకి రాగానే నేను చూసి, ‘నీకు గేమ్స్ వద్దులే నాయనా. హాజరు వేసేస్తాను. ఆ వేపచెట్టు కింద కూర్చుని చదువుకో’ అన్నాను. మీ అందరి చెప్పులు, టిఫిన్ డబ్బాలు అతనికి అప్పజెప్పేవాణ్ణి. ఆగస్టు పదిహేనుకి మార్చ్‌పాస్ట్‌కి పేరిస్తే, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకోవాలి, లేసు ఎలా కట్టుకుంటావు, మధ్యలో ఊడితే పడతావు అని వరసలోంచి పక్కకి తీశాను. నేను దాన్ని దయ అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

పదేళ్ళ కిందట మీ బ్యాచ్‌ల సమ్మేళనం జరిగినప్పుడు అందరూ నా దెబ్బల గురించి చెప్పుకున్నారు. ‘మాస్టారు నన్ను ఆలస్యానికి కొట్టారు’, ‘నన్ను లైను తప్పినందుకు కొట్టారు’ అని పోటీలు పడి మరీ నవ్వారు. ఈయన కూడా మైకు పట్టుకున్నారు. ‘మాస్టారు మూడేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదండీ’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ గర్వపడ్డాను. అందులో ఉన్న బాధ నాకు ఏడేళ్ళ తర్వాత, మిషిగన్‌లో, క్లార్క్‌సన్ మాస్టారి గురించి చదివిన రాత్రి అర్థమైంది. ఆయన నన్ను మెచ్చుకోలేదు. అందర్నీ లెక్కలో వేసుకున్నారు, నన్ను వేసుకోలేదు అన్నారు.

బాల్ బ్యాడ్మింటన్‌కి ఒక్క చెయ్యి చాలు. పరుగుపందేనికి, లాంగ్‌జంప్‌కి చెయ్యే అక్కర్లేదు. ఖోఖోలో వీపు తట్టడానికి ఎన్ని చేతులు కావాలి? ఇవన్నీ నాకు తెలుసు, నా ఉద్యోగమే అది. ఒక్క సాయంత్రం నేను ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు. మణికట్టు వైపు చూశాను, మిగతా పిల్లవాణ్ణి చూడలేదు. దెబ్బలు కొట్టినందుకు మీ అందరికీ నేను ఎప్పుడో క్షమాపణ చెప్పాను. ఇవాళ కొట్టనివాడికి చెబుతున్నాను. నాయనా, తప్పు నాది.

అమెరికా నుంచి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళి ఈ మాటే చెప్పాను. వెళ్ళే ముందు నేనూ కూర్చుని నేర్చుకున్నాను. డెబ్భై దాటిన వేళ్ళు, వంగని నడుము. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి కుడి చేత్తో లేసు కట్టడం నాలుగు సాయంత్రాలు పట్టింది. లేసు ఒక కొసకి పెద్ద ముడి వేసి కింది కన్నంలో ఆపేయడం, రెండో కొసని అటూ ఇటూ దూర్చుకుంటూ పైకి తెచ్చి, చివర్లో ఉచ్చు వేసి లాగడం నాకు తేలిగ్గా వచ్చిన పద్ధతి. ఇంకా బాగా చేసేవాళ్ళు ఉంటారు. ఆయన ముందు కట్టి చూపిస్తే ఆయన చాలాసేపు నవ్వారు. ‘అది నేను ఇంటర్‌లో సొంతంగానే నేర్చుకున్నాను మాస్టారూ’ అన్నారు. తర్వాత నవ్వు ఆపి, ‘మీరు అప్పుడు నేర్పి ఉంటే మార్చ్‌పాస్ట్ చేసేవాణ్ణి’ అన్నారు. వాళ్ళావిడ కాఫీ తెచ్చింది. ఇద్దరం మాట్లాడకుండా తాగాం.

అబాట్ గురించి ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆట మానేశాక ఒకసారి తన చిన్న కూతురి బడికి వెళ్ళాడట. తల్లిదండ్రులు వచ్చి తమ ఉద్యోగం గురించి పిల్లలకి చెప్పే రోజు అది. ప్రశ్నలు అడగమంటే సొంత కూతురే చెయ్యెత్తి, ‘నాన్నా, నీ చిన్న చెయ్యంటే నీకు ఇష్టమేనా’ అని అడిగింది. అంతకుముందు ఇంట్లో కూడా ఎవరూ అడగని ప్రశ్న. అతను ఇష్టమేనన్నాడు. ఎప్పుడూ ఇష్టంగా లేదు గానీ, అది తనకి నేర్పినది ఉందన్నాడు. 87 గెలుపులు, 108 ఓటములు ఉన్న మనిషి ఆ జవాబు నిజాయితీగా చెప్పగలిగాడంటే, ఆ వరండాలో నేర్చుకున్న ముడి గట్టిదే అనుకున్నాను.

ఇప్పుడు ఈ బడిలో పనిచేస్తున్న మాస్టార్లకి, టీచరమ్మలకి పెద్దవాడిగా ఒక్క మాట. సంఘం కొత్త గదులు కట్టిస్తుంది, కంప్యూటర్లు ఇస్తుంది, సంతోషం. కానీ మీ క్లాసులో ఇవాళ కూడా ఒకరు వేపచెట్టు కింద కూర్చుని ఉంటారు. చెట్టే ఉండక్కర్లేదు, ఆఖరి బెంచీ కావచ్చు. చూపు ఆననివాడు కావచ్చు, మాట తడబడే పిల్ల కావచ్చు. వాళ్ళ కోసం ఒక్క సాయంత్రం ఇంటి దగ్గర పిడికిలి బిగించి కూర్చోండి. దారి దొరికాక వరండాలోకి పిలిచి చూపించండి. నలుగురికీ తెలియనక్కర్లేదు.

మా మనవడు ఇప్పుడు ఎడమ చేత్తో బంతి బాగా విసురుతున్నాడు. అన్నం కూడా ఎడమ చేత్తోనే తింటున్నాడు. నేను ఏమీ అనడం లేదు.

భోజనాలకి ఆలస్యమవుతోందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అయిపోయింది. భోజనాలయ్యాక నేను వేపచెట్టు కింద ఉంటాను. సంచిలో కాన్వాసు బూట్లు రెండు జతలు తెచ్చాను. ఒంటిచేత్తో లేసు కట్టడం నేర్చుకోవాలనుకున్న మాస్టార్లు అక్కడికి రండి. నాకన్నా బాగా కట్టే గురువుగారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన కూడా వస్తానన్నారు.

సెలవు.